పడవకు నైరుతి ఎటు?

ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు నా దగ్గర కూర్చుని, "నీకేంది పెద్దబాపూ, జిందగీ అంత ఏసీలనే గడిపినవు" అంటుంటారు. వాళ్లకు ముందుగా చెప్పే మాట ఇది. ఏసీ మెకానిక్ బతుకు ఏసీలో గడవదు. గది ఉడికిపోతున్నప్పుడు మమ్మల్ని పిలుస్తారు. గది చల్లబడగానే "సరే, ఇగ మంచిది" అని తలుపు దగ్గరికి సాగనంపుతారు. సిద్దిపేటలో నేను చల్లబరచని బట్టల దుకాణం లేదు, ఫంక్షన్ హాలు లేదు. వాటిలో ఒక్కదాంట్లో కూడా చెమట ఆరేదాకా కూర్చోలేదు.

రెండో మాట. కస్టమర్ చెప్పేది వినండి, నమ్మకండి. "మేం దాన్ని ముట్టనే లేదన్నా" అన్నాడంటే కచ్చితంగా విప్పి చూశాడని అర్థం. ఒక పెద్దమనిషి ఏసీ ఎంత వేసినా చల్లబడటం లేదని నా మీద కేకలేశాడు. వెళ్లి చూస్తే కిటికీలన్నీ బార్లా తీసి ఉన్నాయి. "అవి మూస్తే గాలెట్ల వస్తది?" అని నన్నే అడిగాడు. ఆయనతో వాదించకుండా నేనే కిటికీలు మూసి, కాసేపు స్క్రూడ్రైవర్‌తో ఏదో తిప్పినట్టు చేసి వచ్చాను. ఇప్పటికీ నన్ను చెయ్యి తిరిగిన మెకానిక్ అని పదిమందికి చెబుతుంటాడు.

ఈ నౌకరీలో నేను నేర్చుకున్నదంతా ఒక పక్క, ఒక పడవ నేర్పింది ఇంకో పక్క. అందుకని మిగతావి వదిలేసి ఆ పడవ సంగతే రాస్తాను.

యాకూబ్ భాయి చూసిన సముద్రం

నాకు పని నేర్పిన ఉస్తాద్ యాకూబ్ భాయి. దుబాయిలో చాలా కాలం ఏసీ పని చేసి వచ్చి సిద్దిపేటలో దుకాణం పెట్టాడు. చెయ్యి బంగారం. రాగి గొట్టాన్ని వంచితే ఎక్కడా నలిగేది కాదు. నోరు మాత్రం ఇంకో లోహం. ఏ పని వచ్చినా "దుబాయిల గిసొంటివి శాన చేసిన" అనేవాడు. అది నిజమా కాదా అని అడిగే ధైర్యం మాకు ఉండేది కాదు. అడిగితే టీ ఆగిపోయేది.

అవి తెలంగాణ ఉద్యమం ఊరూరా రగులుతున్న రోజులు. ఇవాళ బంద్, రేపు రాస్తారోకో, ఎల్లుండి రోడ్డు మీదే వంటావార్పు. బంద్ రోజున మేం షట్టర్ సగం దించి లోపల పని చేసేవాళ్లం. పూర్తిగా తెరిస్తే ఉద్యమానికి ద్రోహం, పూర్తిగా మూస్తే కడుపుకు ద్రోహం. యాకూబ్ భాయి మాత్రం ఊరేగింపు రాగానే షట్టర్ కింద నుంచి దూరి బయటికి వచ్చి, రెండు నినాదాలు ఇచ్చి, మళ్లీ దూరి లోపలికి వెళ్లేవాడు. ఆయన మోకాళ్లు అరిగింది అప్పుడే అని నా అనుమానం.

ఆ రోజుల్లోనే మల్లేశం మా దుకాణానికి వచ్చాడు.

ట్రాలీల షెడ్డులో పడవ

మల్లేశం నేతపని వాళ్ల ఇంటి మనిషి. మగ్గం తిండి పెట్టకపోతే చాలామంది లాగే పక్క రాష్ట్రంలోని భీవండి వెళ్లాడు. అక్కడ మరమగ్గాలు బాగుచేస్తూ వెల్డింగ్ నేర్చుకున్నాడు. భార్య విజయ పోరు పెట్టగా తిరిగి వచ్చి, కరీంనగర్ రోడ్డు మీద ట్రాక్టర్ ట్రాలీలు చేసే షెడ్డు వేశాడు. ట్రాలీలు అంతంత మాత్రంగానే అమ్ముడుపోయేవి. భీవండి సేటు మాత్రం వదలకుండా ఫోన్ చేసి హిందీలో అడిగేవాడు. "నీ జాగ ఖాళీగనే ఉన్నది, ఎప్పుడొస్తవు?" అని.

అలాంటప్పుడు పట్నం నుంచి ఒక కాంట్రాక్టర్ వచ్చాడు. చెరువులో జనాన్ని తిప్పడానికి అద్దాల గది ఉన్న ఇనుప పడవ కావాలన్నాడు. ఎవరూ తొందరగా చేసిస్తామనలేదట, మల్లేశం చేసిస్తానన్నాడు.

ఊరంతా నవ్వింది. "చెరువుల నీళ్లు లేవు గని మల్లేశం పడవ చేస్తుండట" అని హోటళ్ల దగ్గర అదే ముచ్చట. విజయ మాత్రం నవ్వలేదు. మా దుకాణానికి మొగుడి వెంట తనూ వచ్చి, సూటిగా చెప్పింది.

"అన్నా, గీ పడవను కాంట్రాక్టర్ ఒప్పుకుంటే మేం గీడ ఉంటం. ఒప్పుకోకుంటే ఈయన మళ్ల భీవండి బస్సెక్కుడే. సేటుకు గదే మాట చెప్పిండు. అందుకే ఏసీ మంచిగ పెట్టుండ్రి. మీకు దండం వెడ్త."

మల్లేశం తల వంచుకుని నేలమీద చూపుడు వేలుతో ఏదో గీస్తున్నాడు. యాకూబ్ భాయి ఛాతీ విరిచాడు.

"ఫికర్ చెయ్యకు బిడ్డా. దుబాయిల ఓడలకు గిసొంటివి శాన చేసిన."

పడవ ఏసీ గురించి కొత్తవాళ్లకు రెండు ముక్కలు చెప్పాలి. ఇంట్లో ఏసీకి బయట ఫ్యాను తిరిగే పెట్టె ఉండి వేడిని గాల్లోకి కొడుతుంది. పడవలో ఆ పెట్టె కింద ఇంజను పక్కన ఉంటుంది. చిన్న పంపు ఒకటి చెరువు నీళ్లు లాగి దానిమీదుగా తిప్పి, వేడెక్కిన నీళ్లను పక్కనుంచి బయటికి పోస్తుంది. గదిలో గోడకు చల్లగాలి ఊదే పెట్టెలు బిగిస్తాం. వాటినే ఎయిర్ హ్యాండ్లర్లు అంటారు. వాటి లోపల గాల్లోని తేమ నీళ్లై ఒక ట్రేలో పడుతుంది. ఆ నీళ్లు బయటికి పోవడానికి పైపు వాలుగా వేయాలి. ఎన్ని యంత్రాలు మారినా మా వృత్తి పరువు ఆ వాలు మీదే నిలబడి ఉంటుంది. ఏసీ చల్లగా లేకపోతే కస్టమర్ గొణుగుతాడు. నెత్తిన నీళ్లు పడితే మాత్రం తిడతాడు.

నైరుతి బరువు, ఈశాన్యం నీళ్లు

పెట్టెలు ఎక్కడ బిగించాలో చూద్దామని షెడ్డుకు వెళ్లాం. పడవ షెడ్డు నిండా తూర్పు ముఖంగా నిలబడి ఉంది. మల్లేశం సుద్దముక్కతో అప్పటికే గుర్తులు పెట్టి ఉంచాడు. కింది పెట్టె, బ్యాటరీలు, రెండు ఎయిర్ హ్యాండ్లర్లు, అన్నీ వెనక కుడి మూలనే. నీళ్ల పైపు మాత్రం అక్కడినుంచి ముందు ఎడమ మూల దాకా గీసి ఉంది.

"ఇదేంది మల్లేశం, అన్ని ఒక్క మూలకే కుక్కినవు?" అన్నాను.

"నైరుతి గద సత్తన్నా. బరువు నైరుతిల ఉండాలె. నీళ్లు ఈశాన్యానికి పోవాలె."

నవ్వకండి. మీరు మాత్రం వాస్తు చూడకుండా ఇల్లు కట్టారా? భీవండి వెళ్లకముందు మల్లేశం పెట్టిన మగ్గాల షెడ్డు మూతపడింది ఈశాన్యంలో బరువు పెట్టడం వల్లేనని ఎవరో చెప్పారు. అప్పటినుంచి మంచం జరపాలన్నా దిక్కులు చూసేవాడు. ఈ పడవ మీద వాళ్ల సంసారం ఊరు వదిలేదీ వదలనిదీ ఆధారపడి ఉంది. అలాంటప్పుడు మనిషి ఉన్న దేవుళ్లందరికీ మొక్కుతాడు, ఉన్న దిక్కులన్నీ చూస్తాడు.

నేను యాకూబ్ భాయి వైపు చూశాను. ఆయన గడ్డం నిమురుకున్నాడు.

"కస్టమర్ యాడ పెట్టమంటే గాడ పెట్టుడే. దుబాయిల గూడ గంతే."

ఆయన రసమట్టం తీశాడు. రసమట్టమంటే మేస్త్రీల దగ్గర ఉంటుంది కదా, గాజు గొట్టంలో బుడగ ఉన్న కొలబద్ద, అదే. ఆ బుడగను చూసుకుంటూ నైరుతి నుంచి ఈశాన్యానికి పైపు వాలుగా వేశాం. చెంబుతో ట్రేలో నీళ్లు పోస్తే సర్రున వెళ్లి అవతల మూలన పడ్డాయి. విజయ ఆ నీళ్లను చూసి చేతులు జోడించింది. నా బతుకులో అంత అందమైన వాలు ఎప్పుడూ వేయలేదు. షెడ్డు నేల కదలదు, చెరువు కదులుతుంది అన్న చిన్న సంగతి మాత్రం మా ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు.

గజ్వేల్ దగ్గర ఆగిన పడవ

పడవను పొడుగాటి లారీ మీదికి ఎక్కించి పట్నం బయలుదేరాం. మర్నాడు కాంట్రాక్టర్ ముందు నీళ్లలో దించాలి. లారీ ముందు సీట్లో డ్రైవర్ పక్కన మల్లేశం, విజయ. పడవలో సామాన్ల సంచితో యాకూబ్ భాయి, నేను. పొలాల మధ్య నుంచి పడవలో పోతుంటే నాట్లేసే ఆడవాళ్లు లేచి నిలబడి చూశారు. యాకూబ్ భాయి వాళ్లకు చెయ్యి ఊపాడు.

గజ్వేల్ చేరేలోపే రోడ్డు మూసేసి ఉంది. రాస్తారోకో. రోడ్డు ఎడమ పక్కంతా రాళ్ల పొయ్యిలు, పెద్ద పెద్ద గిన్నెలు, వంటావార్పు. సాయంత్రం దాకా కదిలేది లేదన్నారు. పొయ్యిలకు అడ్డం లేకుండా లారీని కుడి పక్కకు దింపమన్నారు. దింపగానే వెనక కుడి చక్రాలు మెత్తటి మట్టిలోకి దిగాయి. పడవ ఆ మూలకు ఒరిగింది.

జనం మూగారు. ముందుగా వచ్చింది ఉద్యమాన్ని నడిపిస్తున్న తెలుగు సారు. బళ్లో పాఠాలు చెప్పే సారే, కానీ పొద్దుటినుంచి ఎండలో ఉపన్యాసాలిచ్చి గొంతూ పోయింది, మొహమూ వాడిపోయింది.

"గిది ఏంది? రోడ్డు మీదికి పడవెందుకొచ్చింది?" అన్నాడు.

"పట్నం చెరువుకు సారూ. లోపట ఏసీ గూడ ఉన్నది" అంది విజయ. ఆమెకు మొగుడి పని గురించి చెప్పుకోవడమంటే ఇష్టం.

అంతే. "సారును లోపట కూసోవెట్టుండ్రి, ఎండదెబ్బ తగిలేటట్టున్నది" అని అందరూ ఒకటే గోల. జనరేటర్ పడవలోనే ఉంది. పంపుకు నీళ్లు కావాలంటే వంటకు తెచ్చిన ట్యాంకర్ పైపు లాక్కొచ్చి ఇచ్చారు. పక్కనుంచి వచ్చే గోరువెచ్చటి నీళ్లను చూసి ఆడవాళ్లు గిన్నెలు తెచ్చి అక్కడే తోముకోవడం మొదలుపెట్టారు. సారును మర్యాదగా వెనక కుడి సీట్లో, సరిగ్గా ఎయిర్ హ్యాండ్లర్ కింద కూర్చోబెట్టాం. చల్లగాలి వచ్చింది. సారు కళ్లు మూసుకుని, "రాష్ట్రం వస్తే గిట్లనే ఉంటది" అన్నాడు. బయట చప్పట్లు.

కొంతసేపటికి లోపలినుంచి ఒక అరుపు వినబడింది. ట్రే నిండి, నీళ్లు ఈశాన్యానికి ఎక్కలేక, ఉన్న నైరుతిలోనే ధారగా సారు నెత్తిన పడుతున్నాయి. సారు కండువా పిండుకుంటూ బయటికి వచ్చాడు. నవ్వు ఆపుకోవడానికి జనం నినాదాలిచ్చారు.

నవ్వనివాడు మల్లేశం ఒక్కడే. ఒరిగిన పడవ చుట్టూ తిరిగి చూశాడు. తర్వాత మెల్లగా అడిగాడు.

"సత్తన్నా, నీళ్లల్ల దించినంక గూడ గీ మూలకే ఒరుగుతదా?"

ఇనుము, బ్యాటరీలు, పెట్టెలు అన్నీ ఆ మూలనే ఉన్నాయి. ఒరగక ఏం చేస్తుంది? రేపు ఈ పాటికి కాంట్రాక్టర్ నెత్తిన నీళ్లు పడతాయి. యాకూబ్ భాయి వైపు తిరిగాను.

"ఉస్తాద్, దుబాయి ఓడలల్ల దీనికేం చేస్తరు?"

ఆయన తన చెప్పుల వైపు చూసుకున్నాడు.

"నేను పనిచేసిన బిల్డింగ్ రేవు పక్కకే ఉండె" అన్నాడు. "కిటికీల కెల్లి ఓడలు మంచిగ కనబడేవి."

ఆయన మీద నాకు కోపం రావాల్సింది. రాలేదు. అంత మంచి పనివాడు అంత నిజాయితీగా మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి.

నడిరోడ్డు మీద వాస్తు సభ

చేయాల్సింది తెలుస్తూనే ఉంది. ఒక ఎయిర్ హ్యాండ్లర్‌ను ఎడమ గోడకు మార్చాలి. బ్యాటరీలు ముందుకు తేవాలి. ట్రేకు రెండు చివర్లా కన్నాలు పెట్టి రెండు పైపులు దించాలి, ఎటు ఒరిగితే అటునుంచి నీళ్లు పోవాలి. సామాను సంచిలో ఉంది, టైము రాస్తారోకో ఇచ్చింది. ఒప్పుకోనిది మల్లేశమే.

"నైరుతి ఖాళీ చేస్తే మునుగుతం" అన్నాడు.

సారు తల తుడుచుకుంటూ ముందుకు వచ్చాడు. తడిసిన కోపం ఏమీ లేదు, బళ్లో ప్రశ్న వేసినట్టే అడిగాడు.

"మల్లేశం, చెరువుల పడవ పోతది, మళ్ల వెనుకకు మర్లుతది గద. మర్లినప్పుడు నీ నైరుతి యాడికి పోతది?"

మల్లేశం ఆలోచించాడు. తేలక తనకు వాస్తు చెప్పే సిద్ధాంతికి ఫోన్ చేశాడు. అందరికీ వినబడేట్టు ఫోన్ స్పీకర్‌లో పెట్టించారు జనం. అవతల సిద్ధాంతి కూడా చాలాసేపు ఆలోచించి, "పడవ ఎటు పోయినా దాని ముఖమే తూర్పు" అని తేల్చాడు. అంటే నైరుతి కదలదు. జనం ఉసూరుమన్నారు.

అప్పటిదాకా గిన్నెల దగ్గర నిలబడ్డ విజయ వచ్చి ఫోన్ అందుకుంది.

"పంతులుగారూ, మా ఇంటికి మీరేం జెప్పినా చేసినం. రేపు గీ పడవల వెనుక సీట్ల మీరు కూసుంటరా?"

తనకు నీళ్లంటే భయమని సిద్ధాంతి ఒప్పుకున్నాడు. విజయ ఫోన్ మొగుడి చేతిలో పెట్టి, అందరూ వినేట్టే అంది.

"నువ్వు మళ్ల భీవండి పోతే మన ఇంట్ల ఏ మూలన బరువుంటే ఏంది, ఏ మూల ఖాళీగుంటే ఏంది? నాకు అన్ని మూలలు ఖాళీయే."

మల్లేశం మొహం చేత్తో తుడుచుకుని పడవ ఎక్కాడు. స్పానర్ తనే తీసి నా చేతికిచ్చాడు.

ఆ తర్వాత జరిగిన పనిని తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు పులకరిస్తుంది. సమ్మెలో ఉన్న కరెంటు ఆఫీసు లైన్‌మన్ వైర్లు పట్టుకున్నాడు. బస్సు డ్రైవర్లు బ్యాటరీలు మోశారు. యాకూబ్ భాయి నోరు మూసుకుని, గొట్టాల్లోని గ్యాస్ చుక్క పోకుండా కింది పెట్టెలోకి లాగి బంధించి, రాగి గొట్టాలు కొత్త దారిలో వంచాడు. ఎక్కడా నలగలేదు. పని పూర్తయ్యాక లారీని పొయ్యిలు దాటించి ముందుకు తీసి ఈసారి ఎడమ చక్రాలు మట్టిలోకి దింపాం. సారు తనే వెళ్లి ఎడమ సీట్లో ఎయిర్ హ్యాండ్లర్ కింద కూర్చున్నాడు. "ఇయ్యాల ఎట్లైన తడిసిన" అన్నాడు. తడవలేదు. పప్పూ అన్నం పెట్టి, సాయంత్రం రోడ్డు తెరవగానే ముందు మా లారీనే వదిలారు.

నేను మీకు చెప్పేది ఇంతే. ఏ పనిలోనైనా పరీక్ష పెట్టేటప్పుడు అన్నీ చక్కగా ఉన్నచోట పెట్టకండి. ఒరిగిన చోట పెట్టండి. ఎదుటివాడి నమ్మకాన్ని వెక్కిరించకండి, దాని వెనకాల ఏ భయం ఉందో చూడండి. "కస్టమర్ ఎటంటే అటు" అనే ఉస్తాద్ మాట మాత్రం మరిచిపోండి. అది మర్యాద కాదు, బద్ధకం.

నీళ్లలో

మర్నాడు పట్నంలో క్రేన్‌తో పడవను చెరువులో దించారు. వెనక్కీ ముందుకీ కొంచెం ఊగి, నిటారుగా నిలబడింది. యాకూబ్ భాయి అలవాటు కొద్దీ రసమట్టం తీసి సీటు మీద పెట్టాడు. బుడగ అటూ ఇటూ తిరుగుతూ ఎక్కడా నిలవలేదు. ఆయన దానికేసి కాసేపు చూసి, సంచిలో పడేశాడు.

కాంట్రాక్టర్ తన బంధువులందరినీ ఎక్కించాడు. పడవ మధ్యకు వెళ్లగానే ఫోటోల కోసం అందరూ ఒక్కసారిగా కుడి పక్కకు పరిగెత్తారు. పడవ ఒరిగింది. చెరువు అందాలు చూడని వాళ్లం ఆ పడవలో నలుగురమే. మల్లేశం, విజయ, యాకూబ్ భాయి, నేను ట్రేల వైపే చూస్తూ నిలబడ్డాం. ఒక్క చుక్క పడలేదు. తర్వాత అందరూ ఎడమకు పరిగెత్తారు. అప్పుడూ పడలేదు.

కాంట్రాక్టర్ భుజాలు ముడుచుకుని మల్లేశం దగ్గరికి వచ్చాడు.

"చలి వెడ్తున్నదయ్యా, జర తక్కువ చెయ్యి" అన్నాడు. "మంచిగున్నది. గీ పడవ నాదే."

ఏసీ మెకానిక్‌కు అంతకంటే పెద్ద సన్మానం లేదు. యాకూబ్ భాయి మొహం పక్కకు తిప్పుకున్నాడు. నాకైతే కళ్లు నిండాయి, దాచుకోలేదు.

ఒడ్డుకు చేరీ చేరకముందే మల్లేశం ఫోన్ మోగింది. భీవండి సేటు. మల్లేశం "సేట్, వో... బాత్ యే హై..." అంటూ సంగతి చెప్పలేక నసుగుతున్నాడు. అవతలి మాట వింటూ మళ్లీ తల వంచుకోబోయాడు. విజయ అతని చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

"సేటూ, పడవ ఒప్పుకున్నరు. ఇగ ఈయన రాడు. మాకు మా ఊర్లెనే పని దొరికింది. గా జాగల ఇంకెవరినన్న పెట్టుకో. నువ్వు పైలం, మంచిగుండు."

సేటుకు తెలుగు ముక్క రాదు. అయినా ఆ తర్వాత మళ్లీ ఎప్పుడూ ఫోన్ చేయలేదు.